ఎండ ముదరక ముందే పిందె పట్టాలి: వసంతపు కూరగాయల మడిలో అపోహలు - వాస్తవాలు

అపోహ: చలి పూర్తిగా పోయాక విత్తనం వేస్తే చాలు.

వాస్తవం: చలి ప్రాంతాలకు ఆ లెక్క సరిపోతుంది. ఎండలు త్వరగా ముదిరే చోట వెనక నుంచి లెక్కపెట్టాలి. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటుతూ ఉంటే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. నారు ఎదగడానికి 5-6 వారాలు, నాటాక పూతకు 4-5 వారాలు, పిందెలు పట్టడానికి ఇంకో మూడు వారాలు వేసుకోండి. మీ దగ్గర రాత్రులు ఉక్కపోసే వారం ఏదో చూసుకుని, అక్కడి నుంచి 13 వారాలు వెనక్కి వెళితే ట్రేలో విత్తనం వేసే రోజు తేలుతుంది. నాటే ముందు వారం పది రోజులు నారుకు గాలి, ఎండ కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. సన్నగా సాగిపోయిన టమాటా నారును పారేయక్కర్లేదు. కింది ఆకులు తుంచి, కాండాన్ని సగానికి పైగా మట్టిలో పాతితే అక్కడి నుంచీ వేళ్లు పుడతాయి. వంగ, మిర్చి నారుతో ఈ పని వద్దు.

అపోహ: వసంతం రాగానే అన్ని విత్తనాలూ ఒకేసారి వేసేయొచ్చు.

వాస్తవం: ముల్లంగి, పాలకూర, కొత్తిమీర, క్యారెట్ చల్లదనం ఉండగానే పడాలి. ఆలస్యమైతే ఆకు చాలినంత రాకముందే కొత్తిమీర పూతకు పోతుంది. బెండ, అలసంద దీనికి పూర్తిగా విరుద్ధం. చల్లటి తడి మట్టిలో వాటి విత్తనం మొలవకుండానే కుళ్లుతుంది. రోజూ పొద్దున్నే 5 సెంటీమీటర్ల లోతున థర్మామీటర్ గుచ్చి చూడండి. వరసగా నాలుగు రోజులు 20 డిగ్రీలు చూపిస్తే, బెండ విత్తనాలు రాత్రంతా నానబెట్టి మర్నాడు వేసుకోవచ్చు. ముల్లంగి పీకిన మడి అప్పటికి ఖాళీగానే ఉంటుంది.

అపోహ: పూత రాలుతోందంటే ఎరువు చాలలేదని అర్థం.

వాస్తవం: నత్రజని ఎక్కువైతే ఆకు గుబురుగా వస్తుంది, పూత తగ్గుతుంది. రాలడానికి కారణం వేడి అయితే ఎరువు ఏమీ చేయలేదు. తీగజాతుల సంగతి వేరు: చాలావాటికి మొదట మగపూలే వస్తాయి, అవి రాలడం సహజం. పువ్వు వెనక చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. ఆ పిందెలే పసుపుబారి రాలుతుంటే పరాగ సంపర్కం జరగడం లేదేమో చూడండి. మగపువ్వు తెంపి, రెక్కలు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దాలి. దోస, కాకర, గుమ్మడికి పొద్దున్నే. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి ఆ వేళే. పొద్దున ప్రయత్నించి ఫలితం లేదనేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు.

అపోహ: ఎండలు కదా, రోజూ కాసిన్ని నీళ్లు పోయాలి.

వాస్తవం: పైపైన తడిపితే వేళ్లు పైపొరలోనే ఉండిపోయి, ఒక్కపూట నీళ్లు తప్పినా మొక్క వాడిపోతుంది. కుదురుకున్న మొక్కలకు చదరపు మీటరుకు వారానికి సుమారు 25 లీటర్లు, రెండు మూడు తడులుగా ఇవ్వండి. వేడి పెరిగితే ఇంకొంత పెంచాలి. ఇసుక నేలైతే అవే నీళ్లను ఎక్కువ తడులుగా పంచాలి. 15 సెంటీమీటర్ల లోతు వరకు తడి దిగిందో లేదో తవ్వి చూస్తేనే తెలుస్తుంది. మట్టి వెచ్చబడ్డాక ఎండు గడ్డో ఎండుటాకులో 5-7 సెంటీమీటర్ల మందాన పరచండి, కాండానికి మాత్రం ఆనించకండి.

టమాటా అడుగున నల్లటి మచ్చ వస్తే కాల్షియం చాలలేదని గుడ్డు పెంకులు వేయమంటారు. నిజానికి చాలా నేలల్లో కాల్షియం ఉంటుంది. నీళ్లు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు అసలు లేకపోవడం వల్ల అది కాయకు సరిగా చేరదు. పెంకులు కరిగేలోపు ఆ కాపే అయిపోతుంది.

జిగురు మట్టిని గుల్ల చేయాలని కాస్త ఇసుక కలిపితే ఆరాక ఇటుకలా బిగుసుకుంటుంది. బాగా మాగిన ఎరువు 5 సెంటీమీటర్ల మందాన పరిచి, పై 15 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. పచ్చి పేడ మాత్రం వద్దు, లేత వేళ్లు మాడిపోతాయి.