పుస్తెలు తీస్తేనే బల్లా? ఈ పట్టింపు ఎక్కడి నుంచి వచ్చింది

ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలం అయిపోయి పెళ్లిళ్లు మొదలవగానే హనుమకొండ, కాజీపేట, మానుకోట వైపు క్రైస్తవ ఇళ్లలో పాత పేచీ మళ్లీ లేచింది. అమ్మాయి వాళ్లది ఆర్‌సీఎం (రోమన్ కథోలిక సంఘం), అబ్బాయి వాళ్లది పెంతెకోస్తు (నగలు వద్దనే ప్రొటెస్టెంటు శాఖ). పుస్తె కట్టాల్సిందేనని ఒక వైపు, కడితే మా పాస్టర్ గారు రారని ఇంకో వైపు. పెళ్లి అయిపోయినా టెన్షన్ తీరదు. మెడలో పుస్తెలుంటే కోడలికి సంఘంలో బల్ల, అంటే ప్రభువు సంస్కారంలోని రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వరు.

హనుమకొండకు బాప్టిస్టులు ఎప్పుడొచ్చారో, డోర్నకల్‌లో ఆంగ్లికన్ బిషప్ అజరయ్య ఏం చేశారో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ పేచీకి మూలం వాళ్ల దగ్గర లేదు, 1935లో ఉంది.

ఆ ఏడాది ఇండియన్ పెంతెకోస్తు సంఘం ఏలూరులో రిజిస్టరయింది. నడిపించినవారు మాత్రం కేరళవాళ్లు. వారిలో ముఖ్యుడు కె.ఇ. అబ్రహాం సిరియన్ క్రైస్తవ (కేరళలోని పాతకాలపు క్రైస్తవ వర్గం) కుటుంబంలో పుట్టినవాడు. ఆ ఇళ్లలో బంగారమంటే ఆస్తి, కట్నం, వంశం గొప్ప. అలాంటి చోట ఆడవాళ్లు నగలు తీసి పక్కన పెట్టడం పెద్ద త్యాగమే. ఆరాధనలో చాప మీద కూర్చున్నవారిలో కలిగిన ఇంటిది ఎవరో, లేని ఇంటిది ఎవరో తెలియకుండా పోయింది. ఆ పద్ధతికి ఉన్న గౌరవమంతా అక్కడ సంపాదించుకున్నదే.

అదే పద్ధతి వరంగల్ పల్లెలకు వచ్చేసరికి ఎదురుగా ఉన్న మనిషి వేరు. ఇక్కడ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల ఆడవాళ్లు, కూలికి పోయేవాళ్లు. ఒంటి మీద బంగారమంటూ ఉంటే రెండు పుస్తెలే. పుట్టింటివాళ్లు పెట్టింది ఒకటి, అత్తింటివాళ్లు పెట్టింది ఒకటి. వాటితో గొప్పలకు పోయేదేమీ లేదు. అవి తీసేసి బావి దగ్గరికి వెళ్తే మాత్రం ‘మొగుడు బతికుండగానే ఇదేం పని’ అన్న మాట పడాలి. ఇష్టంగా తీసేసినవాళ్లు, దేవుని కోసం ఆ మాట పడినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల విశ్వాసాన్ని తక్కువ చేయలేం. కానీ ఒకరు ఇష్టంగా వదులుకున్నది తర్వాతివారికి బాప్తిస్మానికీ, బల్లకూ షరతుగా మారింది. గొడవంతా ఇక్కడే.

పెంతెకోస్తు పాస్టర్లు చూపించే వచనాలు ముఖ్యంగా రెండు: 1 తిమోతి 2:9, 1 పేతురు 3:3. రెండింటిలోనూ బంగారంతో అలంకరించుకోవద్దనే ఉంది. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే చేయాలన్నది వారి పట్టు.

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, ఆర్‌సీఎం సంఘాలు ఆ వచనాలనే మరోలా చదువుతాయి. పేతురు బంగారంతో పాటు జడలు అల్లుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం కూడా కలిపి చెప్పాడు. జడ వేసుకోవద్దని గట్టిగా అనేవారు అరుదు, బట్టలు కట్టుకోవద్దని ఎవరూ అనరు. కాబట్టి అపొస్తలుడు వద్దన్నది వస్తువును కాదు, ఆడంబరాన్ని అన్నది వీరి వాదన. ఆదికాండం 24లో అబ్రాహాము దాసుడు రిబ్కాకు పెట్టింది బంగారమే. యెహెజ్కేలు 16లో యెరూషలేమును పెళ్లికూతురిలా నగలతో అలంకరించింది స్వయంగా దేవుడే. పైగా పుస్తెను మన ఆడవాళ్లు నగల్లో లెక్కపెట్టరు. హారం పెట్టెలో ఉంటుంది, పుస్తె మెడలో ఉంటుంది.

పుస్తె అన్య ఆచారం, అందుకే వద్దు అన్నది ఇంకో అభ్యంతరం. ఈ ప్రశ్న మూడు వందల ఏళ్ల కిందటే రోమ్ దాకా వెళ్లింది. 1704లో పాండిచ్చేరిలో పోపు ప్రతినిధి టూర్నన్ ఇచ్చిన ఆజ్ఞ వినాయకుడి బొమ్మ ఉన్న తాళిని నిషేధించింది. సిలువో, మరియమాత రూపమో ఉన్న తాళి కట్టుకోవచ్చంది. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ ఆ వివాదానికి ముగింపు పలికాడు. కథోలిక పెళ్లిలో ఇప్పటికీ అదే పద్ధతి. సిలువ గుర్తున్న పుస్తెలను పళ్లెంలో పెట్టి తెస్తారు, ఫాదర్ పవిత్ర జలం చల్లి ఆశీర్వదిస్తారు, తర్వాతే పెళ్లికొడుకు కడతాడు. సీఎస్ఐ వివాహ క్రమం ఉంగరానికీ, మంగళసూత్రానికీ రెండింటికీ చోటిచ్చింది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి పుస్తెతో పనే లేదు.

సీఎస్ఐలో, ఆర్‌సీఎంలో ఇలాంటి తగువు వస్తే పైన బిషప్ ఉన్నారు, రాసి ఉన్న క్రమం ఉంది. ఇవాళ మన దగ్గర పెరుగుతున్నవి ఎక్కువగా స్వతంత్ర సంఘాలు. 1935 నాటి పెద్దల పద్ధతి వాటికి అందింది గానీ, ఆ పెద్దల పైన తగువులు తీర్చడానికి ఉన్న కౌన్సిల్ అందలేదు. అందుకే పుస్తెలున్న కోడలికి ఒక వీధిలో పాస్టర్ బల్ల ఇస్తున్నారు, పక్క వీధిలో ఇవ్వట్లేదు. ఇవ్వనని ఆయన అంటే ఆ అమ్మాయి వెళ్లి చెప్పుకోవడానికి పైన ఎవరూ లేరు.