తెరల తగాదాకు మూలం ఆ ఆరు రోజులు

ప్రాథమిక పాఠశాల గోడ మీది స్మార్ట్ టీవీని రోజుకు ఎంతసేపు వేస్తున్నారు? ఈ ప్రశ్న మీద అనంతపురం, కర్నూలు జిల్లాల్లో మళ్లీ మాటలు పెరుగుతున్నాయి. డబ్బు పోసి ఇచ్చిన పరికరాలకు బట్ట కప్పి ఉంచారన్నది తనిఖీకి వచ్చేవారి ఫిర్యాదు. ఐదు తరగతులనూ ఒక్కరే చూసుకునే బడిలో రిమోటు పట్టుకునే చేయి ఎవరిదన్నది ఉపాధ్యాయుల ఎదురు ప్రశ్న. తల్లిదండ్రులది ఎటూ తేలని స్థితి. బడికి టీవీ వచ్చిందని సంతోషం, పిల్లవాడికి ఇంకా కూడబలుక్కుని చదవడమే దిక్కయిందని బెంగ.

‘నాడు-నేడు’ ఎలా మొదలైంది, ఇంగ్లీషు మాధ్యమం జీవో హైకోర్టులో ఏమైంది వంటివి పాఠకులకు తెలిసినవే. కరోనా కాలంలో దూరదర్శన్‌లో పాఠాలు రావడం, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కోసం అన్నదమ్ములు తగువులాడుకోవడం కూడా అందరూ చూసిందే. నేటి తగాదా అర్థం కావాలంటే వెళ్లవలసింది 2022 జూన్‌కు. జూన్ 10కీ జూన్ 16కీ మధ్య జరిగిన రెండు పనులను ఎవరూ కలిపి చూడలేదు, టీచర్లు తప్ప.

జూన్ 10న జీవో 117 వచ్చింది. ఏ బడికి ఎందరు ఉపాధ్యాయులు ఉండాలో కొత్త లెక్క కట్టింది. దానికి ముందే విలీనం మొదలైంది. తొలుత 250 మీటర్లలోపు, తరువాత కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలకు మూడు, నాలుగు, ఐదు తరగతులను తరలించడం, ఊళ్లోని బడిలో ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగల్చడం దాని సారం. మిగిలిన ఆ చిన్న బడిలో 30 మంది లోపు పిల్లలుంటే ఒక్క ఎస్జీటీ, అంటే అన్ని సబ్జెక్టులూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్, చాలని కొత్త లెక్క. విద్యాహక్కు చట్టం 2009లోనే వేరే మాట చెప్పింది: ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే కనీసం ఇద్దరు టీచర్లు. ఉపాధ్యాయ సంఘాలు పట్టుకున్న పాయింటు ఇదే. ఇప్పటికీ వదల్లేదు.

జూన్ 16న ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. నాలుగు నుంచి పది తరగతుల ప్రభుత్వ బడి పిల్లలకు వీడియో పాఠాలు ఉచితం. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు చేతికొచ్చాయి. మరుసటి ఏడాది ఉన్నత పాఠశాలలకు 30 వేలకు పైగా ఐఎఫ్‌పీ తెరలు (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ బోర్డులు), ప్రాథమిక పాఠశాలలకు 10 వేల వరకు స్మార్ట్ టీవీలు చేరాయి.

అధికారుల వైపు తర్కం ఉంది, చెప్పాలి. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్ దొరికితే లెక్కలు, ఇంగ్లీషు గట్టిపడతాయని వారు నమ్మారు. అప్పు చేసైనా ప్రైవేటు బడికి పంపే తల్లిదండ్రులను నిలపాలంటే ప్రభుత్వ బడిలోనూ కంటికి కనిపించే మార్పు ఉండాలన్నారు. ఇంగ్లీషు ఉచ్చారణ సరిగా వినే అవకాశం పల్లె పిల్లలకు వీడియోల ద్వారానే వస్తుందన్నది మరో మాట. ఇందులో అబద్ధమేమీ లేదు.

కానీ బడిలో కూర్చున్నవారికి కనిపించిన క్రమం వేరు. 2022 జూలై 5న బడులు తెరిచేసరికి చాలా ఊళ్లలో పెద్ద తరగతులు లేవు. తల్లిదండ్రులు బడి గేటు ముందు కూర్చున్నారు. కాగితం మీద కిలోమీటరు చిన్న మాటే. ఏడేళ్ల పిల్ల జాతీయ రహదారి దాటాలా, వానొస్తే పారే వంక దాటాలా అన్నది ఆ కాగితం చెప్పదు. ఆ రోజుల్లో రాష్ట్రమంతా ఇవే నిరసనలు. తోటి టీచర్‌ను సర్దుబాటు పేరుతో మరో బడికి పంపేశారు. ఇంకా ఆ ఖాళీ కుర్చీ అలవాటు కాకముందే ఆగస్టు 16 నుంచి ముఖం గుర్తించే హాజరు యాప్ వచ్చింది. సొంత ఫోనులో, సొంత డేటాతో, సిగ్నల్ దొరికే చోట నిలబడి. దానికి తోడు మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. ఆ తరువాత టీవీ వచ్చింది.

నా అంచనాలో అసలు మలుపు ఇక్కడే ఉంది. టీచర్ల గదిలో ‘డిజిటల్’ అనే మాటకు అర్థం అప్పుడే స్థిరపడిపోయింది. ఒక చేత్తో మనిషిని తీసుకుపోయి, ఇంకో చేత్తో యంత్రాన్ని ఇచ్చి, మధ్యలో ఫోనుతో కాపలా పెట్టిన ఏర్పాటుగా అది వారి మనసులో ముద్రపడింది. ఇదే టీవీ 2019లో వచ్చి ఉంటే దాని పక్కన ఇంకొక టీచర్ నిలబడి ఉండేది. అప్పుడు వాడకం గురించి ఇంత పంచాయితీ అయ్యేదా అంటే సందేహమే.

ఒంటరి టీచర్ లెక్క ఒకసారి కట్టి చూడండి. విలీనం కాని మారుమూల బడిలో ఐదు తరగతులూ ఉంటాయి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుంచి ఐదుకు వీటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం రోజుకు 18 పాఠాలు. ప్రార్థన, భోజనం, ఆటలు పోగా ఐదున్నర గంటలు మిగులుతాయనుకున్నా ఒక్కో పాఠానికి పడేది 18 నిమిషాలు. అందులోనే పలకలు దిద్దాలి, ముక్కు కారే పిల్లవాడిని చూడాలి, వంట ఆయా అడిగిన గుడ్ల లెక్క చెప్పాలి.

ఈ 18 నిమిషాలు చూస్తే 1975 గుర్తొస్తుంది. ఆ ఏడాది ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ‘సైట్’ పేరుతో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఉదయం పూట ప్రాథమిక బడి పిల్లలకు ఒక్కో భాషలో కేటాయించిన సమయం ఇరవై రెండున్నర నిమిషాలు. తెలుగు అందులో ఒకటి. అంటే యాభై ఏళ్ల కిందట అంతరిక్షం నుంచి వచ్చిన పాఠానికి దక్కిన వ్యవధి కూడా నేటి ఏకోపాధ్యాయ బడిలో ఒక పాఠానికి దక్కడం లేదు. పరికరాల కథ ఆ తరువాతా ఆగలేదు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత ప్రాథమిక బడులకు టూ-ఇన్-వన్‌లు, అంటే రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన పెట్టెలు వచ్చాయి. రేడియోలో ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు వచ్చాయి.

2000ల తొలి ఏళ్లలో కంప్యూటర్ల వంతు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి కంప్యూటర్ సాయంతో బోధన మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. దేశవ్యాప్తంగా 16 వేల బడుల దాకా వెళ్లింది. తరువాత వారే ఆపేశారు. మంచి టీచర్, మంచి నిర్వహణ లేనిచోట యంత్రం పెద్దగా మార్చేది ఏమీ లేదన్న అభిప్రాయాన్ని 2010లో ఆ సంస్థ బాధ్యులే పత్రికలో బహిరంగంగా రాశారు. కంప్యూటర్లు అమ్మే రంగంలో పుట్టిన సొమ్ముతో నడిచే సంస్థ ఆ మాట అనడం చిన్న విషయం కాదు. పదేళ్ల తరువాత ఒప్పందాలు రాసుకున్నవారు దాన్ని చదివినట్టు కనిపించదు.

అదే కాలంలో మన జిల్లాల్లోనే మరో ప్రయోగం జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో మొదలుపెట్టిన పరిశోధనకు ఉమ్మడి రాష్ట్రంలో ఎంచుకున్న ఐదు జిల్లాల్లో కడప ఒకటి. గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లాటరీ పద్ధతిన కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్‌ను ఇచ్చారు. రెండేళ్ల తరువాత ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావారికన్నా ముందున్నారు. ఎక్కువ లాభపడింది ఒకటో తరగతి పిల్లలు, దూరపు పల్లెల బడులు. 2022లో ఏ బడుల్లో, ఏ తరగతుల్లో టీచర్లు తగ్గారో దానితో పోల్చి చూస్తే ఈ ఫలితం చేదుగా ఉంటుంది.

అలాగని తెర పనికిరానిదని అనలేం. ఇదే మురళీధరన్ బృందం 2015లో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ గట్టి ఫలితం వచ్చింది. అక్కడ జరిగిందేమిటో చూడాలి. బడి అయ్యాక పిల్లలు కేంద్రానికి వచ్చేవారు. సగం సమయం కంప్యూటర్ ముందు, సగం సమయం ఒక సహాయకుడి దగ్గర చిన్న గుంపుగా. పిల్లవాడు ఆరో తరగతిలో ఉన్నా లెక్కల్లో మూడో తరగతి దగ్గర ఆగిపోతే ఆ సాఫ్ట్‌వేర్ అక్కడినుంచే ఎత్తుకుంటుంది. వారిలో ఎక్కువమంది మాధ్యమిక తరగతుల పిల్లలే అన్నది కూడా మరవకూడదు. గోడ మీది టీవీ అలా ఎత్తుకోదు. ముందు బెంచీ వాడికీ, గుణింతాలు రాని వాడికీ ఒకే వేగంతో చెప్పుకుంటూ పోతుంది.

ఆదోని చుట్టుపక్కల మండలాల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పంట చేతికి రాని ఏట కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు తరలిపోతాయి. పిల్లలూ వెళతారు. కొందరిని సీజనల్ హాస్టళ్లు ఆపుతాయి, అందరినీ కాదు. నెలల తరువాత తిరిగొచ్చిన పిల్లవాడికి తరగతి అంతటికీ నడిచే వీడియో సగం సినిమాలో లేపి కూర్చోబెట్టినట్టే. అదే కర్ణాటక సరిహద్దులో, ఇటు రాయదుర్గం వైపునా, ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు, కన్నడ మాధ్యమం బడులున్నాయి. ఇంగ్లీషులోనో తెలుగులోనో సాగే వీడియోను వారికి అర్థమయ్యేలా ఆపి చెప్పగలిగింది ఆ రెండు భాషలూ వచ్చిన మనిషే.

ఆపి చెప్పడం అన్నానే, అది ఎలా ఉంటుందో అనంతపురం దగ్గర ఒక బడిలో చూశాను. అక్కడ ఇద్దరు టీచర్లు. రెండో తరగతి తీసివేత పాఠం నడుస్తోంది, తెర మీద బొమ్మ పదుల స్థానం నుంచి ఒకటి అప్పు తెస్తోంది. టీచర్ సరిగ్గా అక్కడ రిమోటు నొక్కి ఆపింది. పది పది చింతగింజలను రబ్బరు బ్యాండుతో కట్టిన కట్టలు నేల మీద పోసింది. ఒక పిల్ల కట్ట విప్పి, పది గింజలు పక్కన కలిపి, ఎనిమిది తీసేసి, మిగిలినవి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ తరువాతే వీడియో ముందుకు సాగింది. మూడు నిమిషాల వీడియోకు పాతిక నిమిషాలు పట్టింది. వేరుశనగ జిల్లాలో చింతగింజలు ఎందుకని అడగకండి, శనగలైతే లెక్క తేలేలోపే తగ్గిపోతాయి. ఆ బడిలో టీవీ మూలపడలేదు. పక్క గదిలో మిగతా తరగతులను చూసుకోవడానికి ఇంకొకరు ఉన్నారు కాబట్టి.

ఒక్క టీచరే ఐదు తరగతులను నడపవలసి వస్తే ఏం చేయాలన్నదానికి కూడా రాయలసీమలోనే జవాబు పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో 1980ల చివరినుంచి రూపుదిద్దుకున్న కార్డుల పద్ధతిలో పిల్లలు ఒక నిచ్చెన లాంటి పటం చూసుకుని, తమ మెట్టుకు తగిన కార్డు తామే తీసుకుని పని చేసుకుంటారు. కరెంటు అక్కర్లేదు. ఇతర రాష్ట్రాలు దాన్ని చూసి వెళ్లి తమ బడుల్లో పెట్టుకున్నాయి. స్మార్ట్ టీవీ టెండర్ల కాలంలో ఆ కార్డుల పేరెత్తినవారు లేరు.

2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2025లో జీవో 117ను వెనక్కి తీసుకుని, తొమ్మిది రకాల బడులు పెట్టి, ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచర్ అన్నారు. యాప్‌లన్నీ కలిపి ‘లీప్’ అనే ఒక్క యాప్ చేశారు. 16,347 టీచర్ పోస్టుల భర్తీకి డీఎస్సీ జరిగింది. జూలై 10న మెగా తల్లిదండ్రుల సమావేశానికి ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి వచ్చింది శ్రీసత్యసాయి జిల్లా కొత్తచెరువుకే. ఇవన్నీ ఉపాధ్యాయులు అడిగినవే అని ఇప్పటి అధికారులు గుర్తు చేస్తున్నారు, ఇక టీవీ వేయకపోవడానికి సాకు ఏముందని అడుగుతున్నారు. ఆదర్శ పాఠశాల వరకు ఆ ప్రశ్న సబబే. పిల్లలు తక్కువున్న చిన్న బడులకు మాత్రం ఈ లెక్కలోనూ మిగిలింది ఒక్కరే.

అలాంటి ఒక బడికి ఈ మధ్యే వెళ్లాను. ఒకే గది. మధ్యాహ్నం మూడు గంటలు. టీవీకి బట్ట లేదు, వేసే ఉంది. మూడో తరగతి పరిసరాల విజ్ఞానం వీడియోలో నీటి చక్రం తిరుగుతోంది, నలుగురు పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది. గదిలో మరో మూలన టీచర్ నేల మీద కూర్చుని ఒకటో తరగతి వాళ్లచేత ‘క’ గుణింతం చదివిస్తోంది.