పైరాలిసిస్ పొడికి కార్బన్ బ్లాక్ ధర ఎందుకు రాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆ మధ్య ఒక పెద్దాయన మా ల్యాబ్‌కి వచ్చారు. ఆర్టీసీ టైర్ రీట్రెడింగ్ షాపులో 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. వెంట కొడుకు, అతని చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన టైర్ పైరాలిసిస్ ప్లాంట్ (పాత టైర్లను గాలి తగలకుండా రియాక్టర్‌లో వేడి చేసి ఆయిల్, నల్ల పొడి తీసేది) ప్రాజెక్ట్ రిపోర్ట్. పెద్దాయన చేతిలో ఒకదాని మీద ఒకటి రెండు కవర్లు తొడిగిన ఐదు కిలోల నల్ల పొడి. మెషిన్ అమ్మేవాళ్లు నడుస్తున్న ప్లాంట్ నుంచి ఇచ్చిన శాంపిల్ అది. "అమ్మా, ఇది కార్బన్ బ్లాకేనని రాసిస్తే చాలు, లోన్ పని అయిపోతుంది" అన్నారు. కార్బన్ బ్లాక్ అంటే రబ్బరుకు బలం కోసం కలిపే నల్ల పొడి. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులు, ఊళ్లో ఎకరంన్నర పొలం, అన్నీ ఆ కవర్‌ను నమ్ముకుని పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇలాంటి శాంపిల్స్ నా దగ్గరికి నెలకు రెండు మూడైనా వస్తాయి. అమెరికాలో ఉండి ఊళ్లో అన్నదమ్ముల చేత ప్లాంట్ పెట్టిద్దామని ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. 18 ఏళ్లుగా రబ్బర్ కాంపౌండింగ్‌లో ఉన్నాను. హోస్‌లు, మ్యాట్లు, గ్యాస్కెట్లు చేసే ఫ్యాక్టరీలకు ఫార్ములాలు ఇస్తాను, వాళ్లు కొనే కార్బన్‌ను టెస్ట్ చేస్తాను. అంటే మీరు అమ్మబోయే పొడిని కొనాలా వద్దా అని చెప్పే వైపు మనిషిని.

అపోహ: రియాక్టర్‌లోంచి వచ్చే పొడే రికవర్డ్ కార్బన్ బ్లాక్

అన్నిటికంటే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఈ ఒక్క మాట దగ్గరే.

రియాక్టర్‌లోంచి వచ్చేది చార్, అంటే ఇంకా శుద్ధి చేయని పొడి. దాన్ని శుద్ధి చేసి రబ్బరులో మళ్లీ వాడేలా తయారుచేస్తేనే రికవర్డ్ కార్బన్ బ్లాక్ (ఆర్‌సీబీ). ఒక టైరులో వాడే కార్బన్ బ్లాక్ ఒక్క రకం కాదు. ట్రెడ్‌లో ఎన్ 220, ఎన్ 234 లాంటి గట్టి గ్రేడ్లు, సైడ్‌వాల్‌లో, లోపలి లైనర్‌లో ఎన్ 550, ఎన్ 660 లాంటివి. పైరాలిసిస్‌లో అవన్నీ కలిసిపోతాయి. వాటితో పాటు ట్రెడ్‌లో వేసిన సిలికా, క్యూరింగ్ కోసం వేసిన జింక్ ఆక్సైడ్ కూడా ఆ పొడిలోనే మిగులుతాయి. వేడి సరిపోకపోతే, పూర్తిగా విడిపోని ఆయిల్ పొడి రేణువుల మీద పొరలా పట్టుకుంటుంది. ఆ పొర ఉంటే రబ్బరు, కార్బన్ సరిగ్గా అతుక్కోవు. బలం ఇవ్వడానికే కదా కార్బన్ వేసేది!

మాటలతో చెబితే నమ్మడం కష్టమని పెద్దాయన ముందే టెస్టులు పెట్టాను. టెస్ట్‌ట్యూబ్‌లో కొంచెం పొడి వేసి, ఆయిల్‌ను కరిగించే టోలుయిన్ పోసి బాగా కుదిపి ఫిల్టర్ పేపర్‌లో వంచాను. మంచి కార్బన్ బ్లాక్ అయితే కింద నీళ్లలా తేటగా దిగుతుంది. ఇది డికాక్షన్‌లా దిగింది, అంటే ఆయిల్ ఇంకా మిగిలే ఉంది. తర్వాత కాస్త పొడి తూచి మూసలో వేసి 550 డిగ్రీల ఫర్నేస్‌లో పెట్టాను. పక్కనే ఇంకో మూసలో అంతే బరువు కొత్త ఎన్ 660. కొన్ని గంటల తర్వాత తీస్తే ఎన్ 660 మూస దాదాపు ఖాళీ. పెద్దాయన తెచ్చిన పొడి మూసలో బూడిద కుప్పగా ఉంది. తూచాను. 21 శాతం. పెద్దాయన వంగి చూసి, "పిడకల బూడిదలా ఉందేంటమ్మా" అన్నారు. కొడుకు ఏమీ మాట్లాడలేదు.

కొత్త కార్బన్ బ్లాక్‌లో బూడిద మామూలుగా 1 శాతం లోపే. టైర్ చార్‌లో 15 నుంచి 20 శాతం, ఒక్కోసారి ఇంకా పైన. ఇది మెషిన్ లోపం కాదు, టైరులోనే ఉన్నది. పైగా ఇంధనం ఆదా చేసే కారు టైర్లలో సిలికా ఎక్కువ వేస్తారు కాబట్టి, అలాంటి టైర్లు పెరిగే కొద్దీ చార్‌లో బూడిదా పెరుగుతుంది. లారీ, బస్సు టైర్లు వేరు చేసి వాడితే కొంత మెరుగు. ఆ విషయం పెద్దాయనకు ఒక్క మాటలో అర్థమైంది, ఆయన చేతులతో వేల టైర్లు విప్పిన మనిషి. రిపోర్ట్‌లో మాత్రం "వేస్ట్ టైర్లు, రోజుకు 10 టన్నులు" అని ఉంది, ఏ రకం టైర్లో రాయలేదు.

ఇప్పుడు ఆ రిపోర్ట్‌లో లెక్క చూద్దాం. 10 టన్నుల టైర్లు వేస్తే సుమారు 4 టన్నుల ఆయిల్, మూడు మూడున్నర టన్నుల చార్, టన్నుకు పైగా స్టీలు, మిగతాది గ్యాస్. ఇంతవరకూ సబబే. కానీ ఆ మూడున్నర టన్నుల్నీ కొత్త కార్బన్ బ్లాక్ ధరకు కాస్త తగ్గించి అమ్మినట్టు ఆదాయం రాశారు. కింద రికవర్డ్ కార్బన్ బ్లాక్ మార్కెట్ ఏటేటా ఎంత పెరుగుతుందో చూపే గ్రాఫ్ అతికించారు. ఆ గ్రాఫ్ ఆర్‌సీబీది. కవర్‌లో ఉన్నది చార్. చార్ ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఇటుక బట్టీకో, సిమెంట్ కొలిమికో బొగ్గు పక్కన పోయే సరుకు. ఆ ఒక్క వరుసలో సరైన ధర వేసి మళ్లీ కూడితే, మూడేళ్లలో తీరిపోతుందన్న లోన్ తీరేదే కాదు.

చార్ ఆర్‌సీబీ కావాలంటే ముందు రియాక్టర్‌లో వేడి చివరిదాకా ఒకేలా అందాలి. తర్వాత స్టీలు ముక్కలు అయస్కాంతంతో తీయాలి, మైక్రాన్ల సైజుకు మిల్లింగ్ చేయాలి, గింజలుగా కట్టి ఆరబెట్టాలి. అన్నిటికీ మించి ఈ నెల లాట్, వచ్చే నెల లాట్ ఒకేలా ఉండాలి. ఈ సరుకుకు వేరే ప్రమాణాలు కావాలనే 2017లో ప్రమాణాలు రాసే సంస్థ ఏఎస్‌టీఎం ప్రత్యేకంగా డి36 కమిటీ పెట్టింది. ఆసిడ్‌తో కడిగి బూడిద తీసేస్తామని కొందరు అంటారు. జింక్ పోతుంది, సిలికా ఆసిడ్‌కు లొంగదు, దానికి క్షారం కావాలి. ఆ నీళ్లను శుద్ధి చేసే ఖర్చు ఎవరూ రిపోర్ట్‌లో రాయరు.

లాట్ల సంగతి ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా చేతుల మీదుగానే ఒకసారి దెబ్బ తగిలింది. ఒక హోస్ ఫ్యాక్టరీకి ఎన్ 660లో కొంత తీసేసి ఆర్‌సీబీ వేసేలా ఫార్ములా మార్చాను. మొదటి రెండు లాట్లు చక్కగా నడిచాయి. మూడోది పూర్తిగా టెస్ట్ చేయకుండానే మిల్లుకు వెళ్లింది. ప్రెషర్ టెస్ట్‌లో హోస్‌లు వరుసగా లీకయ్యాయి. బ్లేడుతో కోసి చూస్తే గోడలో వెంట్రుకంత స్టీలు తీగ ముక్కలు, ఇసుకలా గరుకు గింజలు. సరఫరా చేసినాయన మంచివాడే, స్టీలు తీసే అయస్కాంతం దగ్గర ఆ వారం మనిషి లేడు, అంతే. ఆ ఫ్యాక్టరీ మళ్లీ ఆర్‌సీబీ వైపు చూడటానికి రెండేళ్లు పట్టింది.

అపోహ: కొత్త కార్బన్ మొత్తానికీ బదులు ఇదే వేయొచ్చు

కుదరదు. మంచి ఆర్‌సీబీ కూడా ఎన్ 550, ఎన్ 660, ఎన్ 774 లాంటి సెమీ రీఇన్‌ఫోర్సింగ్ (మధ్యస్థంగా బలమిచ్చే) గ్రేడ్ల దగ్గర, అదీ కొంత శాతం మేరకే పనికొస్తుంది. మ్యాట్లు, హోస్‌లు, టైరులో లోపలి భాగాలు సరే. ట్రెడ్‌లో ఎన్ 220 తీసి ఇది వేస్తే అరుగుదల తట్టుకోదు.

అపోహ: ఈపీఆర్ సర్టిఫికెట్లతోనే పెట్టుబడి తిరిగొస్తుంది

2022 జూలై 21న కేంద్రం వేస్ట్ టైర్ల మీద ఈపీఆర్ నోటిఫై చేసింది. అంటే పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత టైర్ కంపెనీలదే, దానికి రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలి. టైర్ కంపెనీల బాధ్యత 35 శాతంతో మొదలై, 70, ఆ తర్వాత 100 శాతానికి చేరింది. కాబట్టి సర్టిఫికెట్లకు గిరాకీ ఉంది, నిజమే. కానీ ఆ నిబంధనల్లో కూడా రికవర్డ్ కార్బన్ బ్లాక్ వేరు, పైరాలిసిస్ ఆయిల్, చార్ వేరు. సర్టిఫికెట్ ధర కూడా సరఫరాను బట్టి పెరుగుతుంది, పడిపోతుంది. పైరాలిసిస్ ఆయిల్, చార్ తయారీకి పాత టైర్లు దిగుమతి చేసుకోవడాన్ని అదే నోటిఫికేషన్ నిషేధించింది. "దుబాయ్ నుంచి టైర్లు తెప్పిస్తాం" అనే మాట రిపోర్ట్‌లో కనిపిస్తే అక్కడే ఆగండి.

అపోహ: క్రూడ్ ధరతో మనకేం సంబంధం

కొత్త కార్బన్ బ్లాక్‌ను ఎక్కువగా పెట్రోలియం నూనె నుంచే చేస్తారు. క్రూడ్ తగ్గితే అది చౌక అవుతుంది, కొనేవాడు ఆర్‌సీబీ రేటు ఇంకా తగ్గించమంటాడు, మీ ఆయిల్ ధర కూడా అదే వారం పడిపోతుంది. రెండు ఆదాయాలూ ఒకేసారి తగ్గుతాయి. రష్యా కార్బన్ బ్లాక్‌ను యూరప్ 2023 ఆంక్షల్లో చేర్చింది కాబట్టి ఇక మనకు తిరుగులేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఖాళీ అయింది కొత్త గ్రేడ్ల చోటు, చార్‌ది కాదు.

అపోహ: ఇదంతా మోసం, అసలు మార్కెట్టే లేదు

దెబ్బతిన్నవాళ్లు ఇలా అంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు, అయినా ఈ మాట తప్పు. బ్రిడ్జ్‌స్టోన్, మిషెలిన్ పోటీ కంపెనీలై ఉండి కూడా 2021లో ఆర్‌సీబీ వాడకం పెంచాలని కలిసి పిలుపునిచ్చాయి. కొత్త టైర్లలో వాడే కార్బన్ బ్లాక్‌లో పాత టైర్ల నుంచి వచ్చేది 1 శాతం కూడా లేదని అప్పుడు వాళ్లే చెప్పారు. జర్మనీలో పైరమ్ అనే కంపెనీ తీసే ఆర్‌సీబీని కాంటినెంటల్ ఫోర్క్‌లిఫ్ట్ టైర్లలో వేస్తోంది. మిషెలిన్ స్వీడన్‌లోని ఎన్విరో అనే టైర్ రీసైక్లింగ్ కంపెనీలో వాటా తీసుకుంది. కాబట్టి చోటు ఉంది, పెరుగుతుంది కూడా. కానీ టైర్ కంపెనీ ఒక కొత్త మెటీరియల్‌ను ఒప్పుకోవడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ప్లాంట్‌ను నడిపించే డబ్బు చేతిలో ఉండాలి.

ఇంకో మాట. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో లెక్క తీస్తే 19 రాష్ట్రాల్లో 637 టైర్ పైరాలిసిస్ యూనిట్లు ఉన్నాయి. నిబంధనలు పాటిస్తున్నవి 251. చల్లారకముందే రియాక్టర్ తలుపు తీస్తే వేడి చార్‌కు గాలి తగిలి అంటుకుంటుంది. అక్కడ నిలబడేది రోజు కూలీకి వచ్చిన కుర్రాళ్లు. చౌక బ్యాచ్ మెషిన్ కొనే ముందు ఆ తలుపు దగ్గర మీ ఇంటి పిల్లాడిని ఊహించుకోండి.

పెద్దాయన ఇంకా అడ్వాన్స్ కట్టలేదు. కొడుకు మాత్రం ఆశ వదల్లేదు, ఆ వయసులో వదలడు కూడా. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మెషిన్ వాళ్లు ఇచ్చిన కవర్ తేవద్దు. నడుస్తున్న ప్లాంట్‌కు మీరే వెళ్లి, వేర్వేరు రోజుల్లో ఐదు బ్యాచ్‌ల శాంపిల్స్ మీ చేత్తో తీయండి. ఒక్కో కవర్ మీద తేదీ, ఏ టైర్లు వేశారో రాయండి. బూడిద, టోలుయిన్ టెస్ట్, స్టీలు, రేణువుల సైజు, ఈ నాలుగూ ఐదు శాంపిల్స్‌కీ చేయించండి. శ్రీసిటీలో ఇర్మ్రా (రబ్బర్ పరిశోధన సంస్థ) కేంద్రం ఉంది, అలాంటి రబ్బర్ ల్యాబ్ ఏదైనా సరే. ఆ ఐదు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వాటితో ఇద్దరు రబ్బర్ ఫ్యాక్టరీ వాళ్ల దగ్గరికి వెళ్లి "ఈ సరుకు నెలకు ఎంత కొంటారు, ఏ ధరకు" అని అడగండి. వాళ్లు చెప్పిన అంకెను మీ రిపోర్ట్‌లో ఆ వరుసలో వేసి, అప్పుడు బ్యాంకుకు వెళ్లండి.