ఎయిర్‌లైన్ పైలట్ కావాలంటే ఏ రూటు? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) విద్యార్థులకు గ్రౌండ్ క్లాసులు చెబుతుంటాను. ఇంటర్ ఫలితాలు రాగానే తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడే చేయించాలా, అమెరికా పంపాలా, ఎయిర్‌లైన్ తానే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాంలో చేర్చాలా అని అడుగుతారు. పైలట్లకు చేసే మెడికల్ పరీక్ష అయిందా అని నేనడిగితే చాలామంది ఇంకా లేదంటారు. అప్పటికే స్కూలుకి అడ్వాన్స్ కట్టేసినవాళ్లూ ఉంటారు. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: కళ్లద్దాలుంటే పైలట్ కాలేరు.

అద్దాలతో చూపు ప్రమాణాలకు సరిపోతే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటేనే కష్టం. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించండి. సీపీఎల్‌కి క్లాస్ 1 తప్పనిసరి. అది చేతికొచ్చేదాకా ఎవరికీ పెద్ద మొత్తం కట్టకండి.

అపోహ: అమెరికాలో లైసెన్స్ తీసుకుంటే అక్కడే ఉద్యోగం.

"మా బావగారు డల్లాస్‌లో ఉన్నారండీ, చూసుకుంటారు" అంటారు. ఉండటానికి చోటు దొరుకుతుంది, నిజమే. కానీ అక్కడి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌ కావాలన్నా 2013 నుంచి మామూలుగా 1500 గంటల అనుభవం ఉండాలి. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకు, ఏవియేషన్ డిగ్రీ ఉన్నవాళ్లకు కొంత సడలింపు ఉంది. పైగా ట్రైనింగ్ వీసా మీద వెళ్లినంత మాత్రాన ఉద్యోగం చేసే హక్కు రాదు.

తిరిగొచ్చాక ఆ లైసెన్స్‌ని ఇక్కడ కన్వర్ట్ చేసుకోవాలి. డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు రాయాలి, గంటలు మన లెక్కకు సరిపోవాలి. మనకు మొత్తం 200 గంటలు, అందులో 100 విమానం బాధ్యత తనదిగా, అంటే పైలట్-ఇన్-కమాండ్‌గా కావాలి. అక్కడ కొన్ని ఆమోదిత కోర్సుల్లో 190 గంటలకే లైసెన్స్ వస్తుంది. మిగతా 10 గంటలు అక్కడే పూర్తి చేసుకుని రండి. అరిజోనా లాంటి చోట ఆకాశం ఎక్కువ రోజులు నిర్మలంగా ఉంటుంది కాబట్టి గంటలు త్వరగా పడతాయి. ఆ రూటులో అసలు లాభం ఇదే.

అపోహ: ఇండియాలో అయితే ఏడాదిలో అయిపోతుంది.

కొందరికి అవుతుంది, కొందరికి రెండేళ్లు దాటుతుంది. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, అవి చూడండి. ఆ తర్వాత స్కూలుకి స్వయంగా వెళ్లి, అక్కడ నేర్చుకుంటున్న ఎవరినైనా పలకరించి, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ చూపించమనండి. తేదీల గడి ఒక్కటి చదివితే చాలు. 3, 4, 6, 7 అని వరసగా ఉంటే అక్కడ ఫ్లయింగ్ నడుస్తున్నట్టే. ఒక లైను జనవరిలో, దాని కింది లైను మార్చిలో ఉంటే ఎందుకని అడగండి. విమానం ఇన్‌స్పెక్షన్‌లో ఉండొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ మానేసి ఉండొచ్చు. ఉత్తరాదిలో శీతాకాలం పొగమంచు ఉంటుంది, వానాకాలం ఎక్కడైనా ఇబ్బందే. ఈ ఖాళీ రోజుల్లో హాస్టల్ ఖర్చూ, బ్యాంకు వడ్డీ ఆగవు. నేర్చుకున్న చెయ్యి కూడా తప్పుతుంది.

అపోహ: ముందు ఫ్లయింగ్, డీజీసీఏ రాత పేపర్లు తర్వాత చూసుకోవచ్చు.

దయచేసి ఇలా చేయకండి. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్... ప్రతి పేపర్లోనూ 70 శాతం రావాలి. లైసెన్స్ దరఖాస్తుకు ముందు 6 నెలల్లో కనీసం 15 గంటలు ఎగిరి ఉండాలి. 200 గంటలూ పూర్తిచేసి ఒక్క పేపర్ దగ్గర నెలల తరబడి ఆగిపోతే, ఆ 15 గంటల కోసం మళ్లీ డబ్బు పోయాల్సి వస్తుంది.

అపోహ: క్యాడెట్ ప్రోగ్రాంలో చేరితే ఉద్యోగం ఖాయం.

ఎంపిక పరీక్షలు ముందే అవుతాయి, టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానం నడిపే అర్హత) దాకా దారి ఒకే చేతిలో ఉంటుంది. అది మంచి విషయమే. కానీ ఖర్చు కోటి దాకా వెళ్తుంది. ఆ ఆఫర్ లెటర్‌లో షరతులుంటాయి. ప్రతి దశా పాస్ కావాలి, అప్పటికి కంపెనీకి పైలట్లు అవసరం కావాలి. కంపెనీయే ఆగిపోవచ్చు కూడా. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఎగరడం ఆపేశాయి. మధ్యలో ఫెయిలైతే ఎంత వెనక్కిస్తారో, చేరిక వాయిదా పడితే ఏం చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇల్లు తాకట్టు పెట్టి చదివించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మెడికల్, పేపర్లు ఇక్కడే ముగించి, ఆ తర్వాతే ఫ్లయింగ్‌కి దేశమా విదేశమా అన్నది తేల్చుకోండి. సీపీఎల్ తర్వాత ఏ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ ఉంటుంది, దానికి మరికొన్ని లక్షలు. ఉద్యోగం వచ్చేలోగా, బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత అయిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. లోన్ అడిగే రోజునే ఈ రెండూ కలిపి అడగండి.