సిమ్యులేటర్‌లో స్థిర ఇన్‌పుట్లు, ప్రారంభ విలువలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు, కావలి, నెల్లూరు కళాశాలల్లో వెరిలాగ్ (డిజిటల్ సర్క్యూట్లను కోడ్‌గా రాసే భాష) ల్యాబ్ చేస్తున్న ఇ.సి.ఇ. విద్యార్థులు నాకు చూపించే వేవ్‌ఫామ్‌లలో (ఆ కోడ్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేటర్ గీసే సిగ్నళ్ల గీతల్లో) తరచుగా కనిపించేది, సున్నా సమయం నుంచి చివరిదాకా కదలకుండా సాగే ఎర్ర గీత, అంటే 0నో 1నో తెలియదని చెప్పే ఎక్స్ విలువ. దాన్ని సాఫ్ట్‌వేర్ లోపమనుకొని టూల్ మార్చేవారు కూడా ఉన్నారు గనుక, చిప్ వెరిఫికేషన్ పనిలో ఉన్నవాడిగా ఈ వివరణ రాస్తున్నాను.

అపోహ: ఇన్‌పుట్‌ను 0కో 1కో కట్టేస్తే, దానిమీద ఆధారపడిన అవుట్‌పుట్ దానంతట అదే వస్తుంది.

వాస్తవం: అసలైన గేటు నిరంతరం పనిచేస్తుంది గానీ, ఈవెంట్ ఆధారిత సిమ్యులేటర్ ఏదైనా సిగ్నల్ మారినప్పుడు మాత్రమే దానికి సంబంధించిన కోడ్‌ను నడుపుతుంది. ‘ఆల్వేస్ @*’ బ్లాకు (తాను చదివే సిగ్నల్ మారిన ప్రతిసారీ నడిచే కోడ్) మొదట ఆగి, తాను చదివే సిగ్నళ్లలో మార్పు కోసం ఎదురుచూస్తుంది. ఆ బ్లాకు చదివేవన్నీ పారామీటర్లో స్థిరాంకాలో అయితే ఆ మార్పు ఎన్నటికీ రాదు, అవుట్‌పుట్ ఎక్స్‌గానే మిగిలిపోతుంది. ఐకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్ ఇటువంటి బ్లాకు ఎప్పటికీ నడవదని కంపైల్ చేసేటప్పుడే హెచ్చరిస్తుంది, దయచేసి ఆ హెచ్చరికలను చదవకుండా వదిలేయకండి. సిగ్నల్‌కు విలువను నిరంతరం అందించే ‘అసైన్’ వాక్యానికి ఈ చిక్కు లేదు. వెరిలాగ్‌ను విస్తరించి, 2005లో ప్రామాణికమైన సిస్టమ్‌వెరిలాగ్‌లోని ‘ఆల్వేస్_కాంబ్’ ఏ మార్పూ లేకున్నా సున్నా సమయంలో ఒకసారి తప్పక నడుస్తుంది కాబట్టి, కాంబినేషనల్ లాజిక్‌కు (ఇన్‌పుట్ల ప్రస్తుత విలువలతోనే అవుట్‌పుట్ తేలే సర్క్యూట్‌కు) నేను దాన్నే సూచిస్తాను. వి.హెచ్.డి.ఎల్. అనే మరో హార్డ్‌వేర్ భాషలో ప్రతి ప్రాసెస్ (ఆల్వేస్ లాంటి బ్లాకు) ఆరంభంలో ఒకసారి నడుస్తుంది.

అపోహ: డిక్లరేషన్‌లోనే విలువ ఇస్తే అది మార్పుగా లెక్కకు వస్తుంది.

వాస్తవం: సిస్టమ్‌వెరిలాగ్‌లో ఆ విలువ ఇనిషియల్ (మొదట్లో ఒక్కసారే నడిచేవి), ఆల్వేస్ బ్లాకులేవీ మొదలుకాకముందే చేరిపోతుంది, అందువల్ల ఈవెంట్ పుట్టదు. పాత వెరిలాగ్‌లో అలా విలువ ఇవ్వడం ఇనిషియల్ బ్లాకులో ఇవ్వడంతో సమానం. ఆల్వేస్ బ్లాకు అప్పటికే ఎదురుచూస్తూ ఉంటే మార్పును గమనిస్తుంది, లేకుంటే లేదు. ఏది ముందు నడవాలో ప్రమాణం నిర్ణయించలేదు కనుక, ఒకే కోడ్ రెండు సిమ్యులేటర్లలో రెండు రకాలుగా ప్రవర్తించినా రెండూ సరైనవే.

అపోహ: విలువ ఇవ్వకపోతే 0గా మొదలవుతుంది.

వాస్తవం: రెజ్ (వెరిలాగ్ వేరియబుల్ రకం) ఎక్స్‌తోనూ, ఎవరూ నడపని వైర్ జెడ్‌తోనూ (దేనికీ కలపని స్థితి), వి.హెచ్.డి.ఎల్. సిగ్నల్ రకమైన ఎస్‌టీడీ_లాజిక్ యు (ఇంకా విలువ ఇవ్వలేదనే) విలువతోనూ మొదలవుతాయి. సిస్టమ్‌వెరిలాగ్‌లోని ‘బిట్’ రకం మాత్రం 0తో మొదలవుతుంది, అందుకే రీసెట్ (సర్క్యూట్‌ను ఆరంభ స్థితికి తెచ్చే సిగ్నల్) మరచిపోయిన సంగతిని అది దాచేస్తుంది. ‘ఇఫ్’ షరతు ఎక్స్ అయినప్పుడు సిమ్యులేటర్ ఎల్స్ వైపు వెళ్లి చక్కని విలువనే చూపవచ్చు, కనుక ఎర్ర గీత లేనంత మాత్రాన డిజైన్ సరిగా ఉన్నట్టు కాదు.

అపోహ: ఇనిషియల్‌లో ఇచ్చిన విలువ చిప్‌లోనూ ఉంటుంది.

వాస్తవం: చాలా ఎఫ్.పి.జి.ఎ.లలో (తయారయ్యాక కూడా డిజైన్ నింపుకోగల చిప్‌లలో) కాన్ఫిగరేషన్‌తోపాటు ఆ విలువ కూడా ఫ్లిప్‌ఫ్లాప్‌లోకి (ఒక బిట్‌ను దాచుకునే భాగంలోకి) చేరుతుంది. ఒకే పనికోసం తయారుచేసే చిప్ అయిన ఏసిక్‌లో అలా చేర్చే మార్గం లేదు. కరెంటు రాగానే ఫ్లిప్‌ఫ్లాప్ 0లో ఉంటుందో 1లో ఉంటుందో చెప్పలేము కాబట్టి, స్థితిని మోసే కంట్రోల్ రిజిస్టర్లకు రీసెట్ రాసి, ఆ రీసెట్ వచ్చేదాకా సిమ్యులేషన్‌లో ఎక్స్‌ను కనిపించనివ్వాలి.