కేటీ ఇవ్వలేదంటున్నారు సరే, తీసుకునేదానికి మనిషేడీ?

ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు, ఏడుగురి టీమ్, అందులో ముగ్గురు ఒకే స్ప్రింట్‌లో, అంటే కొన్ని వారాల ఒక పని విడతలో, రాజీనామా పేపర్ పెట్టేశారు. ఈ వారం తిరుపతి ఐటీ వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. 90 రోజుల నోటీసు పూర్తి చెయ్యలేదు, కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తన పని సంగతులు తర్వాతోళ్లకి అప్పజెప్పేది) సరిగ్గా ఇవ్వలేదు, కాబట్టి ఉద్యోగం నుంచి వదిలేసినట్టు రాసిచ్చే రిలీవింగ్ లెటర్ ఇచ్చేది లేదని ఓనర్. కేటీ ఇస్తామని రెండుసార్లు మెయిల్ పెట్టినా కూర్చుని వినేదానికి ఒక్క మనిషినీ ఇవ్వలేదని వాళ్లు. పేర్లు మనకెందుకు గానీ, ఇట్లాంటి పంచాయితీ ఈ ఊర్లో కొత్తదేం కాదు. అందరూ 90 రోజులు న్యాయమా అన్యాయమా అని కొట్టుకుంటా ఉన్నారు, నన్నడిగితే ముడి అక్కడ పడలేదు, చాలా ముందే, మనోళ్లు ఎజైల్ పద్ధతిని పట్టుకున్న తీరులోనే పడింది.

ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా, మార్పులకి సర్దుకుంటా చేసే పద్ధతి, స్క్రమ్ అందులో ఒక రకం, అంతకు మించి మొదట్నుంచీ చెప్పను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటాలోని స్నోబర్డ్ దగ్గర 17 మంది కూర్చుని రాసిన ఎజైల్ మానిఫెస్టోలో ఒక్క ముక్క చాలు. బారెడు డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ మేలన్నారు. డాక్యుమెంట్లు వద్దనలేదు, వాటికీ విలువ ఉందని ఆ కాగితంలోనే కింద రాశారు, ఆ లైన్ దాకా మనోళ్లు చదివినట్టు లేరు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే విషయం చేరేదానికి అన్నిటికన్నా మంచి దారి అని కూడా చెప్పారు. అంటే సగం విషయం కాగితం మీద కాదు, మనుషుల బుర్రల్లోనే ఉంటుందని ఒప్పుకున్నట్టే కదా. మరి ఆ మనిషి పోతే?

దానికి వాళ్ల దగ్గర మందు ఉండింది. 90ల్లో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్ట్ మీద కెంట్ బెక్ వాళ్లు రూపు కట్టిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని రాస్తారు, జతలు మారతా ఉంటాయి, ఏ ఫైలూ ఎవరి సొంతం కాదు, ఎవరైనా దేన్నైనా మార్చొచ్చు, మార్చినప్పుడు ఏదైనా విరిగితే, కోడ్‌ని వాటంతట అవే పరీక్షించే టెస్టులు వెంటనే అరుస్తాయి. కేటీ అని విడిగా పెట్టాల్సిన పనే లేదు, రోజూ అదే జరగతా ఉంటుంది.

మలుపు ఇక్కడే. ఇదంతా మన సర్వీస్ కంపెనీల్లోకి వచ్చేసరికి క్లయింట్‌కి తలకింత అని బిల్లు వేసే వ్యాపారం మనది. ఒక పనికి ఇద్దరు కూర్చున్నారంటే రెండో జీతం ఎవరిస్తారు అనే ప్రశ్న వచ్చింది, జతపని అక్కడే ఆగిపోయింది. టెస్టులు వచ్చే స్ప్రింట్‌లో రాద్దాం అన్నారు, ఆ స్ప్రింట్ రాలేదు. ఖర్చు లేనివి మాత్రం చక్కగా వచ్చాయి, స్టాండప్ అనే రోజువారీ చిన్న మీటింగ్, పనులు రాసుకునే జిరా బోర్డు, పని ఎంత పెద్దదో అంచనా వేసే స్టోరీ పాయింట్లు. పైగా మనది ఎజైల్ అని చెప్పి ఉన్న డాక్యుమెంట్లు కూడా మానేశారు. అంతా ముందే రాసుకుని వరసగా చేసే వాటర్‌ఫాల్ పద్ధతి రోజుల్లో పాతబడిపోయిందైనా ఒక డిజైన్ డాక్యుమెంట్ ఉండేది. ఇప్పుడు రెంటికీ చెడ్డ రేవడి.

నేను చెన్నైలో చేసిన ఒకచోట బిల్లింగ్ మొత్తం ఒకే అబ్బోడి చేతిలో ఉండేది. చివరి రోజు గంటసేపు స్క్రీన్ షేర్ చేసి రికార్డ్ చేశాడు, దానికే కేటీ అని పేరు. ఆ నెలాఖరుకి కస్టమర్లకి ఇన్వాయిస్‌లు రెండేసి సార్లు పోయినాయి. వీడియో మొత్తం తిరగేశాం, ఆ సంగతి అందులో లేదు. ఆయన దాచిందేం లేదు, మేం అడగలేదు, అడగాలంటే ముందు అంత మాత్రమైనా తెలిసుండాలి గదా. డెన్మార్క్‌కి చెందిన పీటర్ నౌర్ 1985లోనే ఈ మాట చెప్పాడు, ప్రోగ్రామ్ అంటే రాసినోళ్ల బుర్రలో ఉండే అవగాహన, వాళ్లు పోయాక కాగితాలు చదివి దాన్ని మళ్లీ లేపడం కుదరదని. ఆయన మాట నిజమైతే డాక్యుమెంట్లు రాయించినా సగం రోగమే నయమవుతుంది.

ఇక 2020 మార్చి. లాక్‌డౌన్‌తో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ నుంచి లాప్‌టాప్‌లు పట్టుకుని మన పిల్లోళ్లంతా చంద్రగిరికి, పుత్తూరుకి, పలమనేరుకి వచ్చేశారు. పక్క సీటోడిని అడిగి తెలుసుకునేదీ పోయింది. దానికన్నా పెద్ద దెబ్బ తిరుపతి చిన్న కంపెనీలకి తగిలింది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. అమ్మానాన్న దగ్గరుంటారు, సొంతిల్లు, కాబట్టి జీతం తక్కువైనా కదలరు అనే లెక్క మీదనే ఇక్కడ ఆఫీసులు నడిచేవి. బెంగళూరు జీతం బైరాగిపట్టెడలో మిద్దె మీది గదికే వచ్చేసరికి ఆ లెక్క తప్పింది. 2022 మార్చితో ముగిసిన ఏడాదికి ఇన్ఫోసిస్‌లో మానేసినోళ్లు 27.7 శాతం, టీసీఎస్‌లో 17.4 శాతం అని వాళ్లే ప్రకటించారు. వాళ్లకి బెంచ్ ఉంటుంది, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉండే మనుషులు, ఎట్లో తట్టుకుంటారు. ఏడుగురి టీమ్‌కి బెంచ్ యాడుంది?

ఖాళీలు నింపితే సరిపోతుందనుకుంటారు గానీ, ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషుల్ని తోస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో చేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. ఏడుగురుంటే మధ్యలో 21 జతల మాటలు, పదిమందైతే 45. కొత్తోడికి నేర్పేది కూడా పాతోడే, వాడి పని ఆ మేరకు ఆగుతుంది. పాత వెలాసిటీ, అంటే స్ప్రింట్‌కి ఎంత పని అయ్యేదో చూసి క్లయింట్‌కి ఇచ్చిన తేదీ ఇక లెక్కలోకి రాదు, ఆ మాట క్లయింట్‌కి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు.

దీనికి కంపెనీలు పట్టుకున్న ఉపాయం 90 రోజుల నోటీసు. రెండు వారాల స్ప్రింట్లయితే ఆరుకు పైనే. ఆరు స్ప్రింట్లు పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఉంటే ఏ మాడ్యూలైనా చేతులు మారేది. జరిగేది వేరే, మొదటి నెల జీతం పెంచుతాం ఉండిపో అనే కౌంటర్ ఆఫర్ బేరాలు, రెండో నెల అలకలు, చివరి వారంలో కేటీ. ఆ మూడు నెలల్లో వాడికి ఇంకో రెండు ఆఫర్లు.

ఓనర్ బాధ లేదనను. ఇక్కడి కాలేజీల ఫ్రెషర్లకి ఏడాది నేర్పిస్తే పక్కోడు ఎత్తుకుపోతాడు. 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో, గడువుకి ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలనే బాండ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచీ ఆ వార్తే అందరికీ ఫార్వర్డ్ చేస్తా ఉన్నారు. అయితే అది ప్రభుత్వ బ్యాంకు, నోటిఫికేషన్ ఇచ్చి దేశమంతా సెలక్షన్ పెట్టే ఖర్చు కోర్టు చూసింది. అది డబ్బు కట్టే తగాదా, రిలీవింగ్ లెటర్ పట్టుకుని కూర్చోవచ్చని అందులో లేదు.

నిన్న అదే ఆఫీసు ఆ మూడు సీట్లకి ప్రకటన పెట్టింది. నాలుగేళ్ల అనుభవం కావాలంట, నోటీస్ పీరియడ్ లేకుండా వెంటనే చేరేవాళ్లకే ప్రాధాన్యమంట.