ఎక్సెల్‌లో ఉన్న పీఎఫ్, ఖాతాలో ఉన్న పీఎఫ్: అపోహలు - వాస్తవాలు

పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) లెక్కకు ఎక్సెల్ షీటు పెట్టుకున్నవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వడ్డీ గురించే. "నా లెక్కకీ పాస్‌బుక్‌కీ మూడు వేలు తేడా వచ్చింది, మింగేశారు" అంటారు. ఆ మూడు వేలు ఎక్కడికీ పోలేదు, కింద లెక్క చూపిస్తాను. నిజంగా డబ్బు పోయే చోట మాత్రం వాళ్ల షీటు నిక్షేపంగా ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: పేస్లిప్‌లో కోత పడిందంటే ఖాతాలో పడినట్టే

కాదు. కోసేది కంపెనీ, కట్టాల్సిందీ కంపెనీయే. ఈ రెంటికీ మధ్య డబ్బు ఆగిపోయే అవకాశం ఉంది. ఏప్రిల్ జీతంలో కోసినది మే 15లోగా జమ కావాలి. కొన్ని కంపెనీలు నెలల తరబడి కట్టవు. పేస్లిప్‌లో మాత్రం కోత ప్రతి నెలా కనిపిస్తూనే ఉంటుంది.

షీటు పెట్టుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మొదటి వరుసలో బేసిక్ వేసి, 12 శాతం ఫార్ములా రాసి, కింది దాకా లాగేస్తారు. ఐదేళ్ల షీటు ఐదు నిమిషాల్లో నిండిపోతుంది. అందులో ఉన్నది పడాల్సిన డబ్బు. పడిన డబ్బు గురించి ఆ షీటుకు ఏమీ తెలియదు. కంపెనీ మూతపడ్డాకో, ఇల్లు కొనడానికి అడ్వాన్స్ పెట్టినప్పుడో పాస్‌బుక్ తెరిస్తే అప్పుడు బయటపడుతుంది. అప్పటికి వసూలు చేయడం కష్టం.

కాబట్టి షీటులో రెండు గుంపుల కాలమ్‌లు ఉండాలి. మొదటి గుంపు పేస్లిప్ నుంచి: జీతం నెల, పీఎఫ్ వేతనం (పీఎఫ్ లెక్కగట్టే జీతం), ఉద్యోగి వాటా, యజమాని వాటా (పెన్షన్ పోగా మిగిలింది), పెన్షన్ వాటా. రెండో గుంపు పాస్‌బుక్ నుంచి: జమ అయిన తేదీ, అవే మూడు వాటాలు. ఈ రెండో గుంపులో ఒక్క ఫార్ములా కూడా ఉండకూడదు. చూసి, చేత్తో కొట్టాలి. చివర తేడా కాలమ్. సున్నా కాకపోతే ఎర్రరంగు వచ్చేలా పెట్టుకోండి.

ఎర్రగడి కనిపించగానే కంగారు పడొద్దు. పీఎఫ్ నడిపే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంది. కంపెనీ పేరుతో వెతికి చెల్లింపుల వివరాలు తెరిస్తే ఏ నెల జీతానికి ఎప్పుడు, ఎంత కట్టారో, ఎంతమందికి కట్టారో వస్తుంది. ఆ సంఖ్య మీద నొక్కితే పేర్ల జాబితా కూడా తెరుచుకుంటుంది. మీ పేరు ఉండి పాస్‌బుక్‌లో లేకపోతే నమోదు ఆలస్యమైందంతే, కొన్ని రోజులు ఆగండి. కంపెనీ కట్టింది గానీ మీ పేరు లేదంటే మీ యూఏఎన్‌లోనే (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) చిక్కు ఉండొచ్చు. ఆధార్ జతపడని యూఏఎన్‌ను కంపెనీ పీఎఫ్ కట్టే చలానాలో చేర్చడం కుదరదు. ఆ నెలకు చెల్లింపే లేదంటే కంపెనీ ఎగ్గొడుతున్నట్టు. ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, నోటిమాటగా వద్దు. రెండో నెల కూడా అంతే అయితే ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల సైట్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు వేయండి. పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేస్తే చాలు. ఆలస్యానికి కంపెనీ ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన నష్టపరిహారం కట్టాలి. ఉద్యోగి వాటా కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కిందికి వచ్చే నేరం కూడా. ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజమే. కానీ కంపెనీ నడుస్తున్నప్పుడు అడిగితే వచ్చే డబ్బు, మూతపడ్డాక అడిగితే అంత తేలిగ్గా రాదు.

మీ కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్టు ఉంటే ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో ఈ వివరాలు రావు. ట్రస్టు ఇచ్చే స్టేట్‌మెంటే రెండో గుంపు.

అపోహ: యజమాని వాటా 3.67 శాతం

యజమాని కట్టే 12 శాతంలో 8.33 పెన్షన్‌కు, మిగతా 3.67 పీఎఫ్‌కు అన్న ఈ లెక్క పీఎఫ్ వేతనం 15,000 దాకా అయితే సుమారుగా సరే. ఆపైన తప్పు. పెన్షన్ వాటా 8.33 శాతాన్ని 15,000 మీదే లెక్కగట్టి రూపాయికి సవరిస్తారు, అంటే 1,250. 12 శాతంలోంచి అది తీసేయగా మిగిలిందంతా పీఎఫ్‌కు వెళ్తుంది. వేతనం 30,000 అయితే యజమాని వాటా 3,600; అందులో పెన్షన్ 1,250, పీఎఫ్ 2,350. 3.67 శాతం ఫార్ములా రాసినవారికి 1,101 మాత్రమే వస్తుంది. శాతంతో గుణించొద్దు, తీసివేత రాయండి.

మీ కంపెనీ 15,000 మీదే పీఎఫ్ కడుతుంటే ఉద్యోగి వాటా 1,800 దగ్గర ఆగుతుంది. 2014 సెప్టెంబరు తర్వాత 15,000 దాటిన వేతనంతో తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి పెన్షన్ వాటా ఉండదు, మొత్తం పీఎఫ్‌కే పోతుంది. ఫార్ములా రాసే ముందు మీరు ఏ కోవలో ఉన్నారో పేస్లిప్‌లో చూసుకోండి.

అపోహ: వడ్డీ తక్కువ వేశారు

ఇదిగో ఆ మూడు వేలు. 2024-25 వడ్డీ రేటు 8.25 శాతం. ఏడాది మొదట్లో నిల్వ 5,00,000, నెలకు పడేది పై లెక్క ప్రకారం 3,600, 2,350 కలిపి 5,950 అనుకుందాం. ఏడాది చివరి నిల్వ 5,71,400. దాన్ని 8.25 శాతంతో గుణించి 47,140 రావాలంటారు. పాస్‌బుక్‌లో 43,950 దరిదాపుల్లో ఉంటుంది.

పాస్‌బుక్కే సరి. ఒక నెలలో జమ అయిన మొత్తానికి వడ్డీ మొదలయ్యేది మరుసటి నెల ఒకటో తేదీ నుంచి. ఏప్రిల్‌లో పడినదానికి 11 నెలల వడ్డీ, మార్చిలో పడినదానికి సున్నా. షీటులో ప్రతి నెల ఒకటో తేదీ నిల్వకు ఒక కాలమ్ పెట్టి, పన్నెండూ కూడండి: 63,92,700 వస్తుంది. 8.25తో గుణించి 1,200తో భాగించండి. 43,949.81. ఉద్యోగి వాటాకూ యజమాని వాటాకూ విడివిడిగా సవరిస్తారు కాబట్టి రూపాయి అటూ ఇటూ కావచ్చు.

కొందరు నెలనెలా వడ్డీని నిల్వలో కలిపేస్తారు. లెక్క నెలవారీ, కలపడం మాత్రం ఏడాదికోసారే. అలా కలిపితే ఈ 5,00,000 మీదే సుమారు 1,600 ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో పొరపాటు వరుసల్లో జరుగుతుంది. పాస్‌బుక్ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో జమ అయిన మార్చి జీతంతో మొదలై ఫిబ్రవరి జీతంతో ముగుస్తుంది. మీ షీటు ఏప్రిల్ జీతంతో మొదలైతే అన్నీ ఒక నెల జరిగిపోతాయి. జమ నెల ప్రకారమే వరుసలు పేర్చండి. మధ్యలో అడ్వాన్స్ తీసుకుంటే, ఆ మొత్తానికి తీసుకున్న నెలకు ముందు నెల చివరి దాకానే వడ్డీ.

వడ్డీ పాస్‌బుక్‌లో ఎక్కడం నెలల తరబడి ఆలస్యమైనా నష్టమేమీ లేదు. మార్చి 31 నాటికి వేసినట్టే లెక్క.

మిగతావి, క్లుప్తంగా

పెన్షన్ కాలమ్‌ను మొత్తంలో కలపొద్దు. దానికి వడ్డీ లేదు, అది మీ పేరున పెరిగే నిల్వ కాదు. ఉద్యోగం మారి బదిలీ చేసుకున్నాక కొత్త ఖాతాలో పెన్షన్ సున్నా చూపించిందని బెంబేలెత్తుతారు. బదిలీ అయ్యేది సర్వీసు కాలం, డబ్బు కాదు. సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగా ఉన్నాయా అన్నదే చూడాలి.

యూఏఎన్ ఒకటే కాబట్టి పాత ఖాతా దానంతటదే కలిసిపోయిందని అనుకోవద్దు. ఒక్కో మెంబర్ ఐడీకి (ఒక్కో కంపెనీలో ఇచ్చే పీఎఫ్ ఖాతా నంబరు) ఒక్కో ట్యాబ్ పెట్టండి. బదిలీ మొత్తం కొత్త ట్యాబ్‌లో కనిపించాకే పాతదాన్ని మూసేయండి.

ఉద్యోగం మానేసిన మూడేళ్లకు వడ్డీ ఆగిపోతుందన్న వాట్సాప్ మాటతో హడావిడిగా డబ్బు తీసేసేవాళ్లున్నారు. 40 ఏళ్ల మనిషికి అలా ఆగదు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడేది మాత్రం నిజం.

వీపీఎఫ్ (12 శాతానికి పైన సొంత ఇష్టంతో కట్టే పీఎఫ్) కట్టేవారికి ఇంకో కాలమ్ కావాలి. 2021 ఏప్రిల్ నుంచి ఉద్యోగి వాటా ఏడాదికి 2,50,000 దాటితే, దాటినంతమేర వడ్డీకి పన్ను ఉంది. నెలకు 20,833 మించి కడుతున్నారంటే ఆ అదనాన్నీ, దాని మీద పేరుకునే వడ్డీనీ విడిగా రాసుకుంటూ పోవాలి, ఎందుకంటే ఆ భాగానికి తర్వాతి ఏళ్లలో వచ్చే వడ్డీకి కూడా పన్ను ఉంటుంది.